డ్యూటీ సైకిలు, రేసు సైకిలు



మా శ్రీకాకుళం వైపు తిరునాళ్ళలో జీళ్ళు అమ్ముతారు. బెల్లం పాకం ముదరబెట్టి, ముద్ద చేసి, గుంజకు కొట్టిన మేకుకు తగిలించి సాగలాగుతారు. లాగేకొద్దీ ముద్ద తెల్లబడుతుంది, నిగనిగలాడుతుంది. నోట్లో వేసుకుంటే పంటికి అతుక్కుని ఒక పట్టాన ఊడదు. పళ్ళు పాడైపోతాయని ఇంట్లో తిడతారు. మరుసటేడు మళ్ళీ వెళ్ళి అదే కొట్టు ముందు నిలబడతాం. ఇవాళ మీతో చెప్పబోయే సినిమా అలాంటి జీడి.

దాని పేరు 'జో జీతా వహీ సికందర్'. 1992 మే 22న విడుదలైన హిందీ సినిమా. దర్శకుడు మన్సూర్ ఖాన్, నిర్మాత ఆయన తండ్రి నాసిర్ హుస్సేన్, కథానాయకుడు ఆమిర్ ఖాన్. కథంతా ఒక సైకిలు రేసు చుట్టూ తిరుగుతుంది. నేను దాన్ని మొదటిసారి చూసింది జంషెడ్‌పూర్‌లో, సాక్చీలో ఒక హాల్లో. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ మొదట్లో నవ్వొస్తుంది, ఆఖరికొచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. ఇంత అతి ఉన్న సినిమా ఇన్నేళ్ళపాటు నన్నెందుకు వదలలేదని చాలాసార్లు ఆలోచించాను. ఆలోచించిన ప్రతిసారీ నా బుర్ర సినిమా దగ్గర ఆగకుండా, అదే ఊరి కద్మాలో మా క్వార్టరు వరండాలో స్టాండు వేసి ఉన్న ఒక నల్ల సైకిలు దగ్గరికి పోతుంది. అందుకని ఇవాళ రెండు సైకిళ్ళ సంగతీ కలిపి చెబుతాను.

ముందు కథ. డెహ్రాడూన్. అక్కడ రాజ్‌పుత్ కాలేజీ ఉంది, అది డబ్బున్నవాళ్ళ పిల్లలది. మోడల్ కాలేజీ ఉంది, అది ఊళ్ళో మామూలువాళ్ళది. ఏటా కాలేజీల మధ్య పోటీలు, వాటికి తలమానికం సైకిలు రేసు. రామ్‌లాల్ అని ఒక పెద్దాయన చిన్న కెఫే నడుపుకుంటూ మోడల్ కాలేజీ కుర్రాళ్ళకు ఆటలు నేర్పిస్తుంటాడు. కుల్‌భూషణ్ ఖర్బందా వేశాడు ఆ వేషం. పెద్దకొడుకు రతన్ బుద్ధిమంతుడు, మంచి రేసరు. చిన్నవాడు సంజు జులాయి. తండ్రి ఇచ్చిన డబ్బు తగలేస్తాడు, తిట్టినా దులుపుకుని పోతాడు. కిందటేడు రేసులో రతన్ వెంట్రుకవాసిలో రాజ్‌పుత్ కుర్రాడు శేఖర్ చేతిలో ఓడిపోయాడు. ఈ ఏడు ఎలాగైనా గెలవాలి. ఈలోగా శేఖర్ గుంపుతో జరిగిన గొడవలో రతన్ కొండమీంచి పడి ఆసుపత్రి పాలవుతాడు. అన్న బదులు తమ్ముడు సైకిలెక్కుతాడు. తర్వాతేమవుతుందో మీరే చెప్పెయ్యగలరు. ముందే తెలిసినా కదలకుండా కూర్చుని చూస్తాం, అదే దీని తమాషా.

ఎత్తిపొడవాలంటే బోలెడన్ని దొరుకుతాయి. కాలేజీ కుర్రాడిగా నటించేనాటికి ఆమిర్ ఖాన్‌కు ఇరవయ్యైదు దాటాయి. కాలేజీలన్నారే గాని చదువు ఊసు తక్కువ. దీపక్ తిజోరీ పెదవి ఓ పక్కకు వంచి నవ్వగానే వీడు చెడ్డవాడని పిల్లలకు కూడా తెలిసిపోవాలి, తెలిసిపోతుంది. డెహ్రాడూన్ అని చెప్పి చాలాభాగం తీసింది దక్షిణాదిలో, కొడైకెనాల్లో, ఊటీలో. ఇక ఆఖరి రేసులో సైకిళ్ళు పడేసి రోడ్డు పక్కన ముష్టియుద్ధం చేసుకుంటారు. రేసు మధ్యలో ఆగి తన్నుకుని, మళ్ళీ ఎక్కి తొక్కి గెలవడం ఈ భూమ్మీద ఏ రేసులోనైనా జరుగుతుందా? ఆడపిల్లల విషయంలో మాత్రం నాకు నవ్వు రాదు. పూజా బేడీ వేసిన దేవిక పాత్రకు డబ్బున్న కుర్రాడెవరా అని చూడడం తప్ప వేరే పనివ్వలేదు. అది ఆనాడూ తప్పే, ఈనాడూ తప్పే. మెకానిక్కు షెడ్డులో గ్రీజు చేతులతో కనిపించే అంజలి, అదే ఆయేషా జుల్కా, ఉండబట్టి కొంత నయం. ఆయేషాను మన తెలుగు ప్రేక్షకులు అంతకుముందే, 1990లో, నాగార్జున పక్కన 'నేటి సిద్ధార్థ'లో చూశారు.

అయితే అతి చేయడంలో కూడా పనితనం ఉంటుందని ఈ సినిమా చూస్తేనే నాకు అర్థమైంది. 'పెహ్లా నషా' పాటనే తీసుకోండి. పాట పాటంతా స్లో మోషన్‌లో నడుస్తుంది. గాల్లో ఎగిరినవాడు నింపాదిగా కిందికి దిగుతాడు, స్వెట్టరు విసిరితే అది మబ్బులా తేలుతుంది. కాని పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. అలా కలవాలంటే చిత్రీకరణ దగ్గర పాటను రెట్టించిన వేగంతో వినిపించాలి, నటులు ఆ వేగంతోనే గబగబా పెదాలు కదపాలి. తర్వాత బొమ్మను నెమ్మదిస్తే పాట దారిన పడుతుంది. అంటే తెర మీద మనకు కనిపించే ఆ మత్తు వెనక, కొండమీద ఎవరో కీచుగొంతు పాటకు హడావిడిగా నోళ్ళు ఆడించిన గందరగోళం ఉందన్నమాట. సరోజ్ ఖాన్ రాలేకపోతే ఆ పాటకు నృత్య దర్శకత్వం చేసే అవకాశం ఫరా ఖాన్ అనే కొత్తమ్మాయికి దొరికింది. ఆవిడ వృత్తిజీవితం అక్కడ మొదలైంది.

మన తెలుగువాళ్ళు ఒక పాట దగ్గర టీవీకి దగ్గరగా జరిగి చూడాలి. ఈ సినిమాలో కథానాయికగా మొదట తీసుకున్నది గిరిజను. అవును, మణిరత్నం 'గీతాంజలి' గిరిజనే. కొంత తీశాక ఆమె తప్పుకుంది, ఆయేషా వచ్చింది. శేఖర్ పాత్రలో కూడా ముందు మిలింద్ సోమన్ కొంత నటించి మానేశాడు. ఒక బృందగానంలో గిరిజ ఉన్న ముక్కలు అలాగే ఉండిపోయాయి. రెప్పపాటు కనిపించి మాయమవుతుంది. ఆ ముక్కలు చూసినప్పుడల్లా మా అక్క "అదిగో మన గిరిజ" అని అరిచేది. మాకేదో దక్కాల్సింది కొంచెంలో తప్పిపోయినట్టు ఉండేది.

ఇక మా ఊరి సంగతికొస్తాను. రైలెక్కే అందరికీ అది టాటానగర్. అది స్టేషను పేరు. ఊరు జంషెడ్‌పూర్. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి, సాక్చీ అన్న పాత పేరు తీసి, జంషెడ్జీ టాటా పేరు పెట్టి వెళ్ళాడు. అప్పటికి ఏడేళ్ళ ముందే, 1912లో, అక్కడ ఉక్కు పోత మొదలైంది. ఆ సంవత్సరమే టాటా ఉక్కు కంపెనీ ఎనిమిది గంటల పని పద్ధతి పెట్టింది. ఇరవైనాలుగు గంటలూ కొలిమి ఆరకూడదు, మనిషి ఎనిమిది గంటలే చెయ్యాలి. కాబట్టి మూడు షిఫ్టులు. పొద్దున్న ఆరింటికి ఎ షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి బి షిఫ్టు, రాత్రి పదింటికి సి షిఫ్టు. ఈ లెక్కంతా ఎందుకు చెబుతున్నానంటే, మూడు షిఫ్టుల ఊరంటే రోజుకు మూడుసార్లు సైకిళ్ళు పొంగే ఊరు. కార్ఖానా భోంపూ మోగిందంటే బర్మామైన్స్ నుంచి, సోనారీ నుంచి, జుగ్సలాయి నుంచి, కద్మా నుంచి సైకిళ్ళు గేట్ల వైపు కదిలేవి. అరగంట తర్వాత పనైపోయినవాళ్ళ సైకిళ్ళు ఎదురు తిరిగి వచ్చేవి. బెల్లుల మోత, చైన్ల చప్పుడు, మధ్యమధ్య తెలుగు, ఒడియా, బెంగాలీ, భోజ్‌పురీ తిట్లు.

ఆ గుంపులో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి తాతల కాలంలోనే పనికి వచ్చి పడ్డారు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వాళ్ళు కట్టుకున్నదే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గుళ్ళో రెండూ. మా నాన్న ఆ వరసలోవాడే. ఆయన సైకిలు నల్ల హెర్క్యులిస్, ఇరవైనాలుగు అంగుళాల ఫ్రేము. క్యారియరుకు టిఫిను కట్టుకునే రబ్బరు పట్టీ, హ్యాండిలుకు ఒక పాత గుడ్డముక్క. ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా ఉంటుంది. అది చైను గ్రీజుతో కలిసి తారులా గట్టిపడేది. ఆదివారం నాన్న సైకిలును వరండాలో తలకిందులుగా నిలబెట్టి, పెడలు నెమ్మదిగా తిప్పుతూ, కిరసనాయిలు గుడ్డతో లింకు లింకునా ఆ ఎర్రమట్టి తీసేవాడు. పాత పళ్ళబ్రష్షుతో ఫ్రీవీలు. స్పోకుల మధ్య వేలు పోనిచ్చి ఏది వదులైందో చూసేవాడు. గంటన్నర పని. ఆ గంటన్నరా మాట్లాడేవాడు కాదు.

నేను ఆ సైకిలు మీదే తొక్కడం నేర్చుకున్నాను. సీటు అందదు కాబట్టి బారు కిందనుంచి కాలు పోనిచ్చి తొక్కేవాళ్ళం. మా శ్రీకాకుళం వైపు దొంగతొక్కుడు అంటారు, జంషెడ్‌పూర్ పిల్లలు కైంచీ అంటారు. అదే రోజుల్లో నార్దర్న్ టౌన్ బంగళాల పిల్లల దగ్గర బి.ఎస్.ఎ. ఎస్.ఎల్.ఆర్.లు ఉండేవి. సన్నటి టైర్లు, మెరిసే రిమ్ములు. ఎవడి దగ్గరో ఒకడి దగ్గర గేర్ల సైకిలు కూడా ఉండేది. మేం దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూసేవాళ్ళం. అందుకే సాక్చీ హాల్లో మోడల్ కాలేజీవాళ్ళను రాజ్‌పుత్ కుర్రాళ్ళు ఎగతాళి చేసే దృశ్యం రాగానే ముందు వరసల్లో కేకలు మొదలయ్యాయి. కొండ ఊరు, కాలేజీ కోట్లు, ఇంగ్లీషు పాటలాంటి పాటలు, వీటిలో ఒక్కటీ మాది కాదు. కాని ఎవడి సైకిలు ఏదో చూసి వాడి తండ్రి జీతం చెప్పెయ్యగలిగే ఊరు మాది.

సినిమా చూసిన వారానికే నేను వెధవపని చేశాను. ఎస్.ఎల్.ఆర్. ఉన్న క్లాసు పిల్లాడొకడితో పందెం వేసుకున్నాను, జూబిలీ పార్కు పక్క రోడ్డు మీద. నాన్న ఆ రోజు బి షిఫ్టు. రెండింటికి గేటు దగ్గర ఉండాలి. పదకొండింటికి ఆయన భోంచేసి నడుం వాల్చగానే సైకిలు తీశాను. పన్నెండుకల్లా తెచ్చి పెట్టేస్తే ఎవరికీ తెలియదని లెక్క. పందెం మొదలయ్యాక మొదటి మలుపు దాకా నేనే ముందున్నానని ఇప్పటికీ చెప్పుకుంటాను. ఆ మలుపులో లేచి నిలబడి, ఆమిర్ ఖాన్‌లా హ్యాండిలు మీదికి వంగి బలంగా తొక్కేసరికి చైను ఊడింది. ఊడి ఫ్రీవీలుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంది. పంటితో తప్ప అన్నిటితోనూ లాగి చూశాను. సైకిలు ముందుకు కదలదు, వెనక్కి కదలదు. వెనక చక్రం ఎత్తిపట్టుకుని, బిష్టుపూర్‌లో రిపేరు షాపు దాకా నడిచి, వాడు స్క్రూడ్రైవరు పెట్టి తీసిచ్చేసరికి ఒంటిగంటన్నర దాటింది.

ఇంటికొచ్చేసరికి నాన్న లేడు. నడిచి వెళ్ళాడని అమ్మ చెప్పింది. మే నెలాఖరు ఎండ. కద్మా నుంచి గేటు దాకా. రాత్రి పదిన్నర దాటాక నడిచే వచ్చాడు. నేను గోడవైపు తిరిగి పడుకుని నిద్ర నటిస్తున్నాను. ఆయన లైటు వేసుకుని వరండాలోకి వెళ్ళాడు. పెడలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత లోపలికొచ్చి, నా వీపుకేసి చూస్తూ, "సైను వదులైపోనాదిరా. రెండు లింకులు తీయించాల" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

శ్రోతలూ, ఆ సినిమా నన్నెందుకు వదలదో నా మటుకు నాకు ఇక్కడే దొరికింది. 'జో జీతా వహీ సికందర్'లో అసలు కథ కప్పు గురించి కాదనిపిస్తుంది నాకు. చిన్నకొడుకు ఇంటికి చేసిన నష్టం తీర్చుకోవడానికి అతనికి మూడు గంటల టైమిచ్చిన కథ అది. అసలు జీవితంలో ఆ అవకాశం రాదు. నాన్న నడిచిన ఆ దూరాన్ని నేను తిరిగి నడిచి తీర్చలేను. సినిమాలో సంజుకు రేసు ఇచ్చారు, గ్యాలరీలో తండ్రిని కూర్చోబెట్టారు, పాట పెట్టారు, శత్రువును పక్కనే తొక్కించారు. అంత పాకం పోస్తే తప్ప నాలాంటివాడి పంటికి అది అంటదు. కొలతగా, మర్యాదగా, నిజంగా ఎలా జరుగుతుందో అలాగే తీసిన సైకిలు సినిమాలు తర్వాత కొన్ని చూశాను. మెచ్చుకున్నాను. మళ్ళీ చూడలేదు.

దీనికి అమెరికాలో ఒక దగ్గర చుట్టం ఉంది. 1979లో పీటర్ యేట్స్ తీసిన 'బ్రేకింగ్ అవే'. రెండింటికీ పోలికలున్నాయని సినిమాల గురించి రాసేవాళ్ళు మొదటినుంచీ అంటూనే ఉన్నారు. ఇండియానా రాష్ట్రంలో బ్లూమింగ్టన్ అనే విశ్వవిద్యాలయం ఊరు. ఆ ఊరి చుట్టూ సున్నపురాయి గనులు. రాయి కొట్టేవాళ్ళ పిల్లలను విశ్వవిద్యాలయం కుర్రాళ్ళు 'కట్టర్లు' అని వెక్కిరిస్తారు. ఆ పిల్లలు నలుగురు కలిసి 'లిటిల్ ఫైవ్ హండ్రెడ్' అనే సైకిలు రేసులోకి దిగుతారు. ఆ రేసు నిజంగానే ఉంది, 1951 నుంచి అక్కడ జరుగుతోంది. జట్టుకు నలుగురు, ఒకే సైకిలును మార్చుకుంటూ పావుమైలు బాట మీద 200 చుట్లు. అందులో తండ్రి ఒకప్పుడు రాయి కొట్టినవాడు. ఒక రాత్రి కొడుకును వెంటబెట్టుకుని ఆ విశ్వవిద్యాలయం భవనాల మధ్య నడుస్తూ, వీటికి రాయి కోసింది మేమేనని చెబుతాడు. కోశాడు గాని, కట్టడం పూర్తయ్యాక లోపలికి అడుగుపెట్టడానికి బెరుకు. నేను ఆ దృశ్యం చూసినప్పుడు మా ఊరి కార్ఖానాలో ట్యూబ్ డివిజన్ గుర్తొచ్చింది. సైకిలంటే ఏముంది, నాలుగు ఉక్కు గొట్టాలు వంచి అతికిస్తే ఫ్రేము. ఆ గొట్టాలు మా ఊళ్ళో తయారయ్యేవి. వాటితో చేసిన మంచి సైకిలు మాత్రం మేం ముట్టుకోకుండా చూసేవాళ్ళం.

'బ్రేకింగ్ అవే' రాసిన స్టీవ్ తెసిచ్‌కు ఆస్కారు వచ్చింది. ఆయన యుగోస్లావియాలో పుట్టాడు. పద్నాలుగేళ్ళప్పుడు కుటుంబం అమెరికా వెళ్ళి ఈస్ట్ షికాగోలో స్థిరపడింది. ఈస్ట్ షికాగో ఎలాంటి ఊరో తెలుసా? ఉక్కు కార్ఖానాల ఊరు. ఆ సంగతి చదివిన రోజు నాకు పక్కవీధివాడు కనిపించినంత సంతోషమైంది. సైకిలు రేసు సినిమాలకూ ఉక్కు ఊళ్ళకూ ఏదో లంకె ఉందని వాదించను, రెండు ముక్కలు పట్టుకుని సిద్ధాంతం కట్టడం నాకు ఇష్టం లేదు. కాని తొక్కి పనికి పోయే తండ్రి ఉన్నవాడికే తొక్కి గెలిచే కొడుకు కథ తడుతుందనుకోవడంలో అన్యాయమేమీ లేదు.

మన దేశంలో సైకిలు తొక్కి సినిమాల్లోకి వచ్చినవాడు కూడా ఉన్నాడు. పాత హిందీ సినిమాల్లో సేటుగానో మేనేజరుగానో కనిపించే జానకీదాస్ గుర్తున్నాడా? ఆయన 1938లో సిడ్నీలో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ క్రీడల్లో మన దేశం తరఫున సైకిలు పోటీల్లో పాల్గొన్నాడు. అంతటివాడు ఏ సినిమాలోనూ రేసు తొక్కగా నేను చూడలేదని నాకొక చిన్న దిగులు.

ఇప్పుడు మన తెలుగు దగ్గరికొద్దాం. ఈ సైకిలు కథ తెలుగులో వచ్చింది, మీలో చాలామంది చూశారు, సైకిలు కథ అని మాత్రం మీకు తెలియకపోవచ్చు. 1999 జూలై 15న విడుదలైన 'తమ్ముడు'. పవన్ కల్యాణ్ కథానాయకుడు, పి.ఎ. అరుణ్ ప్రసాద్ దర్శకుడు, రమణ గోగుల సంగీతం. తండ్రిగా చంద్రమోహన్, అన్నగా అచ్యుత్. జులాయి చిన్నకొడుకు, బుద్ధిమంతుడైన అన్న, దెబ్బతిన్న అన్న బదులు తమ్ముడు బరిలోకి దిగడం, అన్నీ ఉన్నాయి. సైకిలు లేదు. దాని బదులు కిక్ బాక్సింగ్. అదే కథ 2001లో తమిళంలో విజయ్‌తో 'బద్రి'గా, కన్నడంలో పూరి జగన్నాథ్ దర్శకత్వంలో శివరాజ్‌కుమార్‌తో 'యువరాజ'గా వెళ్ళింది.

మార్పు ఎందుకు చేశారో ఊహించడం కష్టం కాదు. పవన్ కల్యాణ్‌కు కరాటేలో నిజమైన శిక్షణ ఉంది, కుర్రాళ్ళు ఆయన కాళ్ళు గాల్లోకి లేవడం చూడాలనుకుంటారు. సైకిలు మీద కూర్చున్న హీరో ముఖం కిందికి వంగి ఉంటుంది, చేతులు రెండూ హ్యాండిలుకు కట్టేసినట్టు ఉంటాయి. మాస్ సినిమాకు అది ఇబ్బందే. 'తమ్ముడు'ను తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. అందులో హీరో శిక్షణ పొందే పాట వచ్చినప్పుడు నేనూ ఈల వేసినవాణ్ణే. ఒక విషయంలో తెలుగువాళ్ళు హిందీవాళ్ళకంటే కథను బాగా పట్టుకున్నారు కూడా. హిందీ పేరు గెలిచినవాడే రాజు అంటుంది. తెలుగు పేరు చుట్టరికం చెబుతుంది. తండ్రికి చిన్నకొడుకు, అన్నకు తమ్ముడు. అసలు కథ అదే కదా. పేరు పెట్టడంలో మనవాళ్ళే గెలిచారు.

కాని సైకిలు పోవడంతో ఒకటి పోయింది. కిక్ బాక్సింగ్ రింగు లోకానికి విడిగా ఉంటుంది. తాళ్ళు కట్టి, లైట్లు వేసి, ఇది పోటీ అని గిరిగీసి చూపిస్తుంది. మా నాన్న ఏనాడూ ఏ రింగులోనూ అడుగుపెట్టలేదు. సైకిలు మీద రోజూ పన్నెండు కిలోమీటర్లదాకా తొక్కాడు. తెర మీద సంజు పిక్కలు బిగబట్టి ఎత్తు ఎక్కుతుంటే, ఆ పిక్కలు మా హాల్లో అందరికీ తెలిసిన పిక్కలు. 'తమ్ముడు' చూసి నేను హీరోను మెచ్చుకున్నాను, 'సికందర్' చూసి మాత్రం మా వరండా గుర్తుచేసుకున్నాను.

ఆ తర్వాతి కాలంలో మా ఊరే మారింది. 1990ల నుంచి కార్ఖానాలో మనుషులు తగ్గుతూ వచ్చారు. ముందుగానే వెళ్ళిపోయేవాళ్ళకు పెట్టిన పథకాన్ని అందరూ ఈ.ఎస్.ఎస్. అనేవాళ్ళు. "మీవాడు ఈ.ఎస్.ఎస్. తీసుకున్నాడా?" అన్నది ఆ రోజుల్లో ఇంటింటి పలకరింపు. మిగిలినవాళ్ళు స్కూటర్లకు, మోటారుసైకిళ్ళకు మారారు. బీహారులో ఉన్న ఊరు 2000 నవంబరు 15న జార్ఖండ్‌లోకి వెళ్ళింది. గేట్ల దగ్గర సైకిలు పొంగు సన్నబడింది. ఇప్పుడు జంషెడ్‌పూర్‌లో సైకిలు అంటే ఆదివారం పొద్దున్న మెరైన్ డ్రైవ్ మీద హెల్మెట్లు పెట్టుకుని, బిగుతు బట్టలేసుకుని పోయే గుంపు. మా అమ్మాయి కూడా అందులో ఉంది. ఆమె సైకిలుకు ఇరవైఒక్క గేర్లు. నేను స్పోకు వదులైందని చెబితే యాప్‌లో మెకానిక్కును పిలుస్తుంది.

కిందటి వేసవిలో ఆమెతో కలిసి ఈ సినిమా మళ్ళీ చూశాను. మొదటి గంటంతా పగలబడి నవ్వింది. "నాన్నా, ఇది రేసా, కొట్లాటా?" అంది. హెల్మెట్ ఏదీ అంది. గేరు ఎక్కడ మార్చాలో కూడా వాడికి తెలియడం లేదంది. అన్నీ నిజమే. రేసు ఆఖరి చుట్టుకు స్టేడియంలోకి వచ్చేసరికి మాత్రం ఫోను పక్కన పెట్టి, సోఫా అంచుకు జరిగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

మా నాన్న ఈ సినిమా ఒక్కసారే చూశాడు. దసరా రోజుల్లో, వీధివాళ్ళంతా చందాలు వేసుకుని వీసీఆర్ అద్దెకు తెచ్చి, రాత్రంతా మూడు సినిమాలు వేశారు. నాన్న ముందురోజు సి షిఫ్టు చేసి వచ్చాడు. పాటలన్నిటికీ కునుకుతీశాడు. రేసు మొదలవగానే లేచాడు. ఆమిర్ ఖాన్ హ్యాండిలు మీదికి వంగి తొక్కుతుంటే, "అలా వాలిపోతన్నాడేటి, నడుం పట్టెయ్యదా?" అన్నాడు. గెలిచాక జనం కేకలు వేస్తుంటే అందరం చప్పట్లు కొడుతున్నాం. నాన్న నావైపు తిరిగి, "గెలిసినాడు సరే. సైకిలెక్కడ పెట్టినాడ్రా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నాకు జూబిలీ పార్కు రోడ్డు గుర్తొచ్చి నవ్వు రాలేదు. ఆ ప్రశ్న కోసమే తర్వాత ఆ సినిమా ఆఖరి రీలును జాగ్రత్తగా చూశాను, చాలాసార్లు. చూడ్డం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే సైకిలు సంగతి మరిచిపోయి సంజు ముఖమూ, తండ్రి ముఖమూ చూస్తూ ఉండిపోతాను.

నాన్న సైకిలు ఎక్కడుందో మాత్రం చెప్పగలను. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, సామాను రైల్లో శ్రీకాకుళం వైపు మా సొంతూరికి పంపినప్పుడు దాన్ని గోనెసంచులు చుట్టి పార్సిలు చేశాం. నాన్న పోయాక, ఆ ఊళ్ళో పాలుపోసే అతను అడిగితే అమ్మ ఇచ్చేసింది. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. క్యారియరుకు రెండువైపులా పాలక్యాన్లు, హ్యాండిలుకు కొత్త బెల్లు. చైను గార్డు పోయింది. చైను మాత్రం బిగుతుగా ఉంది.